చనిపోతే పది లక్షలు, బతికొస్తే ఏ గడీ లేదు



పోయిన భాగంలో హాస్టల్ మెస్ బిల్లుల గురించి రాస్తే చాలామంది విద్యార్థులు ఇన్‌బాక్స్‌కి వచ్చారు. వాళ్లలో ముగ్గురు అడిగింది ఒకటే. "మేడమ్, మా అమ్మ కువైట్ నుంచి వచ్చేసింది. చిన్న తమ్ముడూ చెల్లీ ఉన్నారు. మాకేమైనా వస్తుందా?" ఒకరిది కోనసీమ, ఒకరిది రాజంపేట వైపు, ఇంకొకరిది నర్సాపురం దగ్గర. ముగ్గురూ మన పేటల పిల్లలే.

ముందు ఆ "వస్తుందా" అన్న మాట చూడండి. వాన వస్తుందా, బస్సు వస్తుందా అన్నట్టే పింఛను వస్తుందా అంటాం. లేకపోతే "ఇచ్చారు" అంటాం. బియ్యం ఇచ్చారు, గుడ్లు ఇచ్చారు. ఆ వాక్యాల్లో కర్త ఎప్పుడూ సర్కారే. తల్లి ఎక్కడున్నా పేరు చివర ఒక "కి" తగిలించుకుని, చెయ్యి చాపుకుని నిలబడుతుంది. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి నాకు ఈ వ్యాకరణం ముల్లులా గుచ్చుకుంటుంది. పార్లమెంటు చట్టం చేసి రాసిచ్చిన దాన్ని కూడా మనం "వస్తుందా" అనే అడుగుతున్నాం. ఈ భాగమంతా ఆ వాక్యాన్ని "ఇది మాది, ఎందుకు ఇవ్వలేదు?" అని తిప్పి రాయడం గురించే.

నాకు తెలిసిన కథ మా పెద్దమ్మ కూతురిది. పేరు రాయను. అక్క అనే అంటాను.

అక్క 2013లో కువైట్ వెళ్లింది. అప్పుడు ఆమెకు 22 ఏళ్లు. మన దేశం రూలు ప్రకారం, పదో తరగతి పాసవ్వని ఆడవాళ్లు ఇంటి పని కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. ఆ లోపు వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఇవ్వరు. రక్షణ కోసమే పెట్టామంటారు. పేటలో ఆ రూలు చేసిన పని ఒక్కటే. ఆడపిల్లలు వెళ్లడం ఆగలేదు, వెళ్లిన సంగతి రికార్డుల్లోకి ఎక్కడం ఆగింది. ఏజెంటు డబ్బు తీసుకుని వేరే దారిన పంపించాడు. ఆమె వెళ్లింది ఖాదిమా వీసా మీద. అంటే ఇంటి పని మనిషి వీసా, అక్కడి చట్టంలో ఆర్టికల్ 20. ఆ వీసా కఫీల్ చేతిలో ఉంటుంది. పాస్‌పోర్టూ చాలాసార్లు ఆ చేతిలోనే ఉంటుంది.

కువైట్‌లో ఇంటి పనివాళ్ల కోసం 2015లో చట్టం వచ్చింది, అది 68వ నంబరు చట్టం. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని అందులో ఉంది. 2016లో కనీస జీతం 60 దీనార్లని తేల్చారు. అక్క దగ్గర ఆ సంగతి ఎత్తితే నవ్వింది. "మేడమ్ ఇంట్లో గోడ గడియారం వంటగదిలో పెట్టలేదు చెల్లీ" అంది.

అక్కడే కడప వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవర్‌తో పెళ్లయింది. అతనిది వేరే కులం. 2017లో పాప, 2020 నవంబరులో బాబు. పాప పుట్టినప్పుడు కాగితాలన్నీ ఉన్నాయి. ఆస్పత్రి కాగితం, అక్కడి బర్త్ సర్టిఫికెట్, ఎంబసీలో రిజిస్ట్రేషన్, చిన్న పాస్‌పోర్టు. బాబు పుట్టేసరికి కరోనా. అక్క అకామా చెల్లిపోయింది. అకామా లేని మనిషిని గల్ఫ్ తెలుగులో "ఖల్లివల్లి" అంటారు. రోడ్డు మీద పోలీసు కనబడితే సందులోకి తప్పుకునే బతుకు అది. బాబుకు ఆస్పత్రి వాళ్లిచ్చిన ఒక్క కాగితం తప్ప ఏమీ లేదు. 2022లో ఆ డ్రైవర్ సెలవు మీద ఇండియా వచ్చాడు. ఇక తిరిగి వెళ్లలేదు, ఫోనూ ఎత్తలేదు.

2024 మార్చి 17 నుంచి కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. అకామా లేనివాళ్లు జరిమానా కట్టకుండా దేశం వదిలి పోవచ్చన్నారు. జూన్ 17 దాకా అని మొదలుపెట్టి జూన్ 30 దాకా పొడిగించారు. అక్క ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని ఎంబసీ ముందు లైన్లో నిలబడింది. తనకూ బాబుకూ ఔట్‌పాస్ తెచ్చుకుంది. జూన్ నెలాఖరులో హైదరాబాద్‌లో దిగి, బస్సెక్కి పేటకు చేరింది. పదకొండేళ్లలో ఆమె పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు తమ్ముడి పేరు మీద ఉంది. అందులో ఒక గది ఇచ్చారు.

ఇక అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది.

కువైట్‌లో చిక్కుబడ్డ మనిషికి ఇండియా ప్రభుత్వం ఏమీ చేయదా అంటే, చేస్తుంది. 2009లో పెట్టిన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. ఎంబసీ షెల్టరు, అత్యవసర వైద్యం, ఇంటికి టికెట్టు, శవాన్ని పంపించే ఖర్చు దాని నుంచి పెట్టొచ్చు. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. 275 రూపాయలు కడితే రెండేళ్లు, 375 కడితే మూడేళ్లు. ప్రమాదంలో చనిపోతే లేదా శాశ్వతంగా అంగవైకల్యం వస్తే 10 లక్షలు. ఆడవాళ్ల కాన్పు ఖర్చుకు కూడా అందులో కొంత ఉంది. కానీ ఆ బీమా ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో ముడిపడింది. క్లియరెన్స్ లేకుండా పంపించబడ్డ 22 ఏళ్ల దళిత ఆడపిల్ల అందులో ఉండదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. ఏళ్ల తరబడి గల్ఫ్ సంఘాలు కొట్లాడితే వచ్చింది.

ఇప్పుడు ఈ పథకాలన్నీ ఒక వరసలో పెట్టి చూడండి. చనిపోతే డబ్బు, కాలో చెయ్యో పోతే డబ్బు, శవమైతే విమానం. బతికి, ఇద్దరు పిల్లలతో, చేతిలో ఒక బ్యాగుతో దిగిన తల్లి సంగతి? ఎయిర్‌పోర్టు గేటు దాటాక ఆమె ఏ శాఖ మనిషి? విదేశాంగ శాఖ బాధ్యత అక్కడితో అయిపోతుంది. రాష్ట్రం లెక్కలో ఆమె ఇంకా మొదలవలేదు.

కేరళను చూడండి. ప్రవాసుల కోసం నోర్కా అని 1996లోనే ప్రత్యేక శాఖ పెట్టుకున్నారు. 2008లో ప్రవాస కేరళీయుల సంక్షేమ చట్టం చేసుకున్నారు. చందా కట్టినవాళ్లకు తిరిగొచ్చాక పింఛను ఉంది. తిరిగొచ్చి ఏదైనా పని పెట్టుకుంటే సబ్సిడీతో అప్పు ఉంది. అక్కడ అన్నీ సవ్యంగా జరుగుతున్నాయని నేననను. కానీ "తిరిగొచ్చినవాళ్లు" అనే ఒక గడి వాళ్ల కాగితంలో ఉంది. మన కాగితంలో లేదు.

గడి లేకపోతే ఏమవుతుందో వరసగా చెప్తాను. విద్యార్థులూ కార్యకర్తలూ రాసుకోండి. ఎల్లుండి మీ పేటలోనే అక్కర పడొచ్చు.

మొదటిది పుట్టుక. సచివాలయంలో బాబు పుట్టుక నమోదు చేయమని అడిగితే వచ్చిన జవాబు: "ఏమ్మా, ఎక్కడ పుట్టాడో అక్కడే చేయించుకోవాలి. ఇక్కడ కుదరదు." అక్క ఇంటికొచ్చి రెండు నెలలు అలాగే ఉండిపోయింది. దసరా సెలవులకు నేను వెళ్లినప్పుడు ఆ మాట చెప్పింది. జనన మరణాల నమోదు చట్టం, 1969 తీసి చదివాం. సెక్షన్ 20లో స్పష్టంగా ఉంది. విదేశంలో పుట్టిన బిడ్డ వివరాలు అక్కడి ఎంబసీలో నమోదు కాకపోతే, తల్లిదండ్రులు ఇక్కడ స్థిరపడటానికి తిరిగొస్తే, బిడ్డ దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి 60 రోజుల లోపు ఇక్కడే పుట్టినట్టుగా నమోదు చేయించుకోవచ్చు. 60 రోజులు దాటితే సెక్షన్ 13 ప్రకారం ఆలస్య నమోదు పద్ధతి. అంటే మనవాళ్ల కోసం ఒక గడి 55 ఏళ్లుగా ఉంది. ఆ కౌంటరు వెనక కూర్చున్న మనిషికి దాని సంగతి తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ ఎప్పుడూ పడలేదు. ఆ తెలియనితనం ఖరీదు అక్క కట్టింది. 60 రోజుల్లో సచివాలయంలో అయ్యే పని, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోయింది. అఫిడవిట్లు, ఔట్‌పాస్ నకలు, ఆస్పత్రి కాగితానికి అరబిక్ నుంచి అనువాదం. మొత్తం పదకొండు నెలలు పట్టింది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, జాగ్రత్తగా చదవండి. పుట్టుక వేరు, పౌరసత్వం వేరు. 2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల ద్వారా భారత పౌరసత్వం రావాలంటే, ఏడాది లోపు అక్కడి ఇండియన్ ఎంబసీలో నమోదు చేయించాలని పౌరసత్వ చట్టం సెక్షన్ 4 చెప్తుంది. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. పాపకు అది అయింది. బాబుకు అవలేదు. ఆ అర్జీ ఇంకా నడుస్తోంది. పేటలో పొద్దున్నే లేచి మేకపిల్ల వెనక పరిగెత్తే పిల్లాడు, తాత పక్కన పడుకుని కథ చెప్పమనే పిల్లాడు, కాగితం మీద ఇంకా ఏ దేశం వాడో తేలలేదు. మీవాళ్లెవరైనా గల్ఫ్‌లో ఉండి పిల్లలు పుడితే, అకామా ఉన్నా లేకపోయినా ఎంబసీకి వెళ్లి నమోదు చేయించమని ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి.

రెండోది ఆధార్. ఆధార్ చట్టం, 2016 ప్రకారం నివాసి అంటే గత 12 నెలల్లో 182 రోజులు ఈ దేశంలో ఉన్న మనిషి. అమెరికా నుంచి వచ్చే ప్రవాసులకు ఆ నిరీక్షణ ఇబ్బందిగా ఉందని, ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే వచ్చిన వెంటనే తీసుకోవచ్చని 2019లో మార్చారు. మరి ఔట్‌పాస్ మీద వచ్చినవాళ్ల చేతిలో పాస్‌పోర్టు ఉండదు కదా. అదే విమానాశ్రయంలో, అదే రోజు, ఇద్దరు తల్లులు పిల్లలతో దిగారనుకోండి. ఒకామె ట్రాలీ నిండా సూట్‌కేసులు, ఇంకొకామె ఒక బ్యాగు. మొదటి పిల్లాడికి వెంటనే ఆధార్. రెండో పిల్లాడు ఆరు నెలలు ఆగాలి. రూలులో ఎక్కడా కులం పేరు రాయలేదు. ఎవరి పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉండిపోతుందో తెలిసినవాళ్లకు ఆ రూలు ఎవరిని ఆపుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఆ ఆరు నెలలూ పిల్లలు పస్తుండాలా? అక్కర్లేదు. ఆధార్ ఇంకా రాని మనిషికి వేరే గుర్తింపు చూసి ప్రయోజనం ఇవ్వాలని అదే చట్టం సెక్షన్ 7లో ఉంది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులో, ఆధార్ లేదన్న కారణంతో ఏ పిల్లవాడికీ ఏ ప్రయోజనమూ ఆపకూడదని చెప్పింది. ఈ రెండు ముక్కలూ తెల్లకాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, కౌంటరులో ఇచ్చి రసీదు అడగండి. నోటితో వాదించొద్దు. నోటితో అడిగితే "రేపు రా" అంటారు. కాగితానికి "రేపు రా" అనడం కష్టం.

మూడోది అంగన్‌వాడీ. ఆర్నెల్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకు తిండి ఇవ్వడం జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013 ప్రకారం బాధ్యత, దయ కాదు. పోషణ్ ట్రాకర్ యాప్‌లో పిల్లవాడి ఆధార్ తప్పనిసరి కాదు, తల్లిది చాలు. మా అంగన్‌వాడీ టీచర్ మన పేట ఆవిడే. యాప్ ఏమన్నా అననీ, మొదటి రోజే బాబును కూర్చోబెట్టి గుడ్డు పెట్టింది. "యాప్‌లో తర్వాత ఎక్కిద్దామండి, ముందు కడుపులోకి ఎక్కనివ్వండి" అంది. ఇన్ని ఆఫీసులు తిరిగిన నాకు మొత్తం వ్యవస్థలో చట్టాన్ని సరిగ్గా అమలు చేసిన మనిషి ఆమే అనిపించింది. ఆమె జీతం ఎంతో మీకు తెలుసు.

నాలుగోది బడి. పాపకు ఏడేళ్లు. అరబిక్, హిందీ, తెలుగు కలిపి మాట్లాడుతుంది. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఒక బడిలో టీసీ కావాలన్నారు, ఒకటో తరగతిలో కూర్చోబెడతామన్నారు. విద్యా హక్కు చట్టం, 2009 సెక్షన్ 14 ప్రకారం వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. సెక్షన్ 4 ప్రకారం ఎప్పుడూ బడి మొహం చూడని పిల్లయినా వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, తోటివాళ్లను అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఏడాది మధ్యలో వచ్చినా కాదనకూడదని సెక్షన్ 15. పాప రెండో తరగతిలో చేరింది. ప్రత్యేక శిక్షణ రాలేదు, సెలవుల్లో అక్షరాలు నేనే దిద్దించాను.

ఆ దిద్దించేటప్పుడు ఒకరోజు టీవీలో రుణమాఫీ గురించి వార్త వస్తోంది. పాప తల ఎత్తి, "పిన్నీ, మాఫీ అంటున్నారు. ఏం లేదంట?" అంది. గల్ఫ్ అరబిక్‌లో "మాఫీ" అంటే "లేదు". పాలు మాఫీ, జీతం మాఫీ, అకామా మాఫీ. ఆ మాట వింటూ పెరిగిన పిల్ల. మన భాషలో అది రద్దు, క్షమాపణ. ఒక్కటే శబ్దం, రెండు దేశాలు. కానీ ఆ ఏడాదంతా సచివాలయం, మండలాఫీసు, బ్యాంకు తిరిగాక నాకు పాప అర్థమే సరైనదనిపించింది.

అయిదోది బియ్యం కార్డు, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్. ఆంధ్రలో ఏ పథకమైనా ఈ మ్యాపింగ్ మీదే నడుస్తుంది. కంప్యూటర్లో ఒక ఇల్లు, ఆ ఇంట్లో మనుషులు. అక్క ఊళ్లో లేనప్పుడు ఈకేవైసీ వెయ్యలేదు కాబట్టి కార్డులో పేరు పోయింది. మ్యాపింగ్‌లో తమ్ముడి ఇంట్లో కలిసి ఉంది. తమ్ముడికి ఏదైనా అనర్హత తగిలితే అక్కకూ తగిలినట్టే. వేరు చేయండి అంటే, పెళ్లయిందా, భర్త ఎక్కడ, విడాకుల కాగితం ఏది అన్నారు. భర్త ఉన్నాడు, కానీ లేడు. ఆ మాట వాక్యంలో రాయొచ్చు, కంప్యూటర్ గడిలో రాయలేం. ఒంటరి మహిళ పింఛను అడిగితే ఇంకా వయసు రాలేదన్నారు. 33 ఏళ్లకు మనిషి ఒంటరి అవ్వొచ్చు గానీ, ఒంటరి మహిళ అవ్వలేదు.

2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బులు పడ్డాయి. ఇంట్లో ఎంతమంది చదువుకుంటే అంతమందికీ, ఒక్కొక్కరికి 15 వేలు, అందులో బడి ఖర్చులకు పోను తల్లి ఖాతాలో 13 వేలు. పాపకు అప్పటికి ఆధార్ ఉంది, హాజరు ఉంది. మ్యాపింగ్ లేదు. లిస్టులో పేరు లేదు. వందనం పెట్టడానికి తల్లి ఎదురుగా నిలబడి ఉంది, కంప్యూటర్‌కు కనబడలేదు. అర్జీ పెట్టాం. తిరగ్గా తిరగ్గా అక్కకు వేరే ఇల్లుగా మ్యాపింగ్ అయింది. ఆ డబ్బు మాత్రం ఇంకా పడలేదు.

ఆరోది ఎవరూ చెప్పనిది. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని ఉంది. తల్లి వితంతువైనా, విడాకులు తీసుకున్నా, వదిలేయబడ్డా, ఆ పిల్లల పోషణకూ చదువుకూ నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి 72 వేలు, పట్టణాల్లో 96 వేలు దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. "వదిలేయబడ్డ" అన్న గడి ఇందులో ఉంది, విడాకుల కాగితం వరకూ ఆగక్కర్లేదు. అక్క ఇద్దరి పేరు మీదా పెట్టింది. భర్త మీద మనోవర్తి కేసు వెయ్యాలంటే ఇప్పుడు కొత్త నేర విచారణ చట్టంలో సెక్షన్ 144. వకీలు ఖర్చుకు భయపడొద్దు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకూ, ఆడవాళ్లకూ, పిల్లలకూ ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు.

ఏడోది కులం. పిల్లల కుల ధృవీకరణ అడిగితే మొదటి ప్రశ్న తండ్రిది ఏ కులం అని. తండ్రి ఎక్కడున్నాడో తెలియదు కానీ అతని కులం మాత్రం కావాలి. ఇక్కడ 2012 జనవరిలో వచ్చిన రమేష్‌భాయ్ దభాయ్ నాయకా తీర్పు గుర్తు పెట్టుకోండి. ఒక ఆదివాసీ తల్లి కొడుకు కేసు అది. కులాంతర పెళ్లిలో బిడ్డ తండ్రి కులమే అని ముందుగా అనుకోవచ్చు గానీ, అదే చివరి మాట కాదని సుప్రీంకోర్టు చెప్పింది. తల్లి దగ్గర, తల్లి జనం మధ్య పెరిగి, వాళ్లు పడ్డ అవమానాలు తనూ పడ్డాడని చూపిస్తే బిడ్డకు తల్లి కులం ఇవ్వొచ్చు. అవమానానికి రుజువు ఏమిటని మండలాఫీసులో అడిగారు. బడిలో మొదటి వారమే పాపను ఎవరో "మీరు ఏ పేటోళ్లు?" అని అడిగారు. కువైట్‌లో పాపను ఎవరూ పేట అడగలేదు. అక్కడ "హిందీ" అన్నారు, ఖాదిమా కూతురన్నారు. పేట ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఆ వాక్యానికి నోటరీ ఎక్కడ చేయించాలి?

ఇది రాస్తుంటే బాబాసాహెబ్ గుర్తొచ్చారు. 1917లో కొలంబియా, లండన్ చదువుల నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లారు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో పేరు మార్చుకుని తలదాచుకుంటే, కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. విదేశాల్లో ఉన్న ఆ కొన్నేళ్లలో తాను అంటరానివాడినన్న స్పృహే పోయిందని, దేశంలో అడుగుపెట్టగానే అది తిరిగి ఎదురైందని ఆయన తర్వాత రాసుకున్నారు. ఆ రాత "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" పేరుతో ఉంది. పేరు చూడండి. సొంత దేశంలోకి రావడానికి వీసా.

ఇంకోటి కూడా గుర్తు పెట్టుకోండి. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు వచ్చినప్పుడు ఆయన దాన్ని సమర్థించి మాట్లాడారు. తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలు కాబట్టి ఆ భారంలో పెద్ద భాగం ప్రభుత్వం మొయ్యాలన్నారు. తల్లి కడుపూ బిడ్డ ఆకలీ రాజ్యం బాధ్యత అని దాదాపు వందేళ్ల కిందట చెప్పిన మనిషి పేరు ఈరోజు మా జిల్లా బోర్డు మీద ఉంది. ఆ పేరు పెట్టినందుకు 2022 మేలో అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. బోర్డు నిలబడింది. బోర్డు కింద ఉన్న ఆఫీసుల్లో ఆయన మాట నిలబడిందా అన్నది మనం అడగాలి.

ఒక చిన్న సంగతి చెప్తాను. అక్క ఒక్కతే వెళ్లినప్పుడు "ఏమ్మా, నీకు చెప్పానుగా" అన్నారు. నేను ఐడీ కార్డు మెళ్లో వేసుకుని వెళ్లినప్పుడు అదే మనిషి "కూర్చోండి మేడమ్ గారూ" అన్నాడు. అదే పేట, అదే రక్తం, అదే దరఖాస్తు. "నీకు"కీ "గారూ"కీ మధ్య తేడా ఒక డాక్టరేట్. హక్కు అందుకోవడానికి ప్రతి ఇంట్లో ఒక డాక్టరేట్ ఉండాలంటే అది హక్కెలా అవుతుంది? పైగా తర్వాతి వారం అక్క ఒక్కతే వెళ్తే మళ్లీ "ఏమ్మా" మొదలైంది. కాబట్టి నేను వెంట వెళ్లడం పరిష్కారం కాదు. సెక్షన్ నంబర్లు అక్క నోటికి రావాలి. ఇప్పుడు వచ్చాయి. మొన్న ఆమె పక్క వీధిలో మస్కట్ నుంచి వచ్చిన ఇంకొకామెను వెంటబెట్టుకుని వెళ్లింది. "అరవై రోజులు దాటలేదండి, ఇరవయ్యో సెక్షన్ చూడండి" అందట. బిడ్డ పుట్టుక నమోదు ఆ వారమే అయింది.

మనం అడగాల్సినవి పెద్దవేం కావు. ఒకటి, ప్రతి సచివాలయంలో "విదేశం నుంచి తిరిగొచ్చిన కుటుంబం" అనే గడి. వచ్చిన రోజు నుంచే కార్డు, అంగన్‌వాడీ, బడి, ఒకే దరఖాస్తుతో. రెండు, ఔట్‌పాస్ మీద వచ్చిన పిల్లలకు 182 రోజుల నిరీక్షణ తీసేయాలి. పాస్‌పోర్టుకు ఇచ్చిన గౌరవం ఔట్‌పాస్‌కూ ఇవ్వాలి, రెండూ ఇచ్చింది ఒకే ప్రభుత్వం. మూడు, క్లియరెన్స్ లేకుండా వెళ్లినవాళ్లకు కూడా బీమా, తిరిగొచ్చాక నిలదొక్కుకునే దాకా నెలకింత భృతి. నాలుగు, కేరళ తరహాలో రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రవాస కార్మికుల సంక్షేమ చట్టం. ఎన్నికలప్పుడు ప్రతి పార్టీ గల్ఫ్ బోర్డు అంటుంది. బోర్డు కాదు, చట్టం కావాలని అడగండి. చట్టమైతే సెక్షన్ నంబరు ఉంటుంది. నంబరుంటే మన అక్కలు దాన్ని నోటికి నేర్చుకుంటారు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సంక్రాంతి సెలవులకు ఊరెళ్తారు కదా. మీ పేటలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన తల్లులు ఎంతమంది, వాళ్ల పిల్లల్లో ఎవరికి ఏ కాగితం లేదు, ఎవరు ఏ కౌంటర్లో ఏమన్నారు, ఒక నోటుబుక్కులో రాయండి. తల్లుల పేర్లు బయటపెట్టొద్దు. సర్కారు దగ్గర లేని లెక్క మన దగ్గర ఉండాలి. ఆ లెక్కలన్నీ చేర్చి కలెక్టర్ గ్రీవెన్స్‌లో ఒకే సోమవారం అన్ని మండలాల నుంచి ఇద్దాం. ఎవరు చేస్తారో కింద రాయండి, మండలాల వారీగా గ్రూపు పెడదాం.

వచ్చే భాగంలో ఖాదిమా వీసాలు అమ్మే ఏజెంట్ల సంగతి.

జై భీమ్.